గట్టున మిగిలినవాళ్ళు

(వెన్నెలకంటి రాఘవయ్య గారి స్మృతిలో నెల్లూరులో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



రాఘవయ్య గారు 1897లో పుట్టారు, 1981లో పోయారు. ప్లీడరు చదువు చదువుకుని, గిరిజనులైన యానాదుల గుడిసెల కోసం ఊరూరా తిరిగిన మనిషి. 1946లో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వంలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు. 1962లో యానాదుల మీద పుస్తకం రాశారు. సంచార జాతుల మీద, గిరిజన తిరుగుబాట్ల మీద కూడా రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఈ వరసంతా మీలో చాలామందికి తెలిసిందే. నన్ను ఆయన దగ్గరికి లాగింది ఇంకొకటి. ఒకచోట నిలవని మనుషులంటే సర్కారుకూ ఊరి పెద్దలకూ ఉండే అనుమానాన్ని ఆయన జీవితాంతం ఎదిరించారు. కదిలే మనిషికి కూడా ఇల్లుంటుందనీ, ఆ ఇంటికి ఒక లెక్కా పద్ధతీ ఉంటాయనీ ఆయన పనిలో, రాతలో అడుగడుగునా కనిపిస్తుంది. అందుకే ఇవాళ వలసపోయినవాళ్ళ గురించి, వాళ్ళు తమంతట తాము ఎలా నిలదొక్కుకుంటారన్నదాని గురించి మాట్లాడదలిచాను.

నెల్లూరు తీరమంటే అటు కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి ఇటు తడ, పులికాటు దాకా పరుచుకున్న ఇసుక నేల. ఇక్కడికి వచ్చినవాళ్ళున్నారు, ఇక్కణ్ణుంచి పోయినవాళ్ళున్నారు. ఇంట్లో తమిళం మాట్లాడే పట్టపు మత్స్యకారులు ఎన్నో తరాల కిందట దక్షిణాన ఉన్న తీరం నుంచి వచ్చి పాలేలు కట్టుకున్నారు. రొయ్యల సాగు మొదలయ్యాక గోదావరి జిల్లాల రైతులు వచ్చారు. ఆ రొయ్యలు వలవడానికి ఒడిశా నుంచి ఆడపిల్లలు వచ్చారు. ఇక్కడివాళ్ళు మద్రాసుకు పోయారు, నేటాలుకు పోయారు, ఇప్పుడు కువైట్‌కు పోతున్నారు. వీళ్ళ సంగతి వచ్చినప్పుడు మనం అడిగేవి రెండే ప్రశ్నలు. పని దొరికిందా? ఎంత పంపుతున్నారు? ఊరు మారిన మనిషి సొంత బతుకుదెరువు నిలబడేది గట్టున మిగిలినవాళ్ళ చేతుల మీద అని నేనంటాను. అమ్మమ్మ, అత్త, అక్క, పెద్దకూతురు. వాళ్ళను లెక్కలోకి తీసుకోని అప్పు గాని, పథకం గాని, చట్టం గాని ఈ తీరంలో పదికాలాలు నిలవగా నేను చూడలేదు.

ముందు కావలి సంగతి చెప్పాలి. ఈ తీరంలో పండిన ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి సీమలకు మోసుకుపోయి, తిరిగొచ్చేటప్పుడు ధాన్యం తెచ్చి అమ్ముకున్నవాళ్ళు ఎరుకలవాళ్ళు. ఆ బేరంలో ఇల్లంతా కదిలేది. మగవాళ్ళు జంతువులను తోలుకుపోతే ఆడవాళ్ళు మజిలీల్లో బుట్టలల్లి అమ్మేవాళ్ళు, ఎరుక చెప్పేవాళ్ళు. ఉప్పు బేరం లేని రోజు బుట్టలు ఆదుకునేవి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైలు పట్టాలు పడ్డాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. కాలినడక వ్యాపారానికి కాలం చెల్లింది. పని పోయిన ఆ మనుషులను సర్కారు ఆదుకోలేదు సరికదా, దొంగల జాబితాలోకి ఎక్కించింది. ఉత్తరాదిన 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. పేరు రిజిస్టర్లో రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, ఊరు దాటితే పోలీసులకు చెప్పి పొమ్మన్నారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను చేతికి వాళ్ళను కట్టడిలో ఉంచే ఒక సెటిల్మెంటును అప్పగించారు.

ఆ చట్టంలో ఒక సెక్షను ఉంది. పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసి వేరే బడుల్లో పెట్టడానికి అది సర్కారుకు అధికారమిచ్చింది. నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా క్రూరంగా తోచేది ఆ సెక్షనే. బేరం పోయినా ఇల్లు కలిసుంటే మరో బేరం వెతుక్కుంటారు. ఇల్లు చీలిపోతే ఆ దారీ మూసుకుపోతుంది. కూలికి పిలిస్తే పోవడం తప్ప ఇంకేమీ మిగలదు. యానాదుల మెడకు కూడా ఇదే చట్టం చుట్టుకుంది. రాఘవయ్య గారూ, ఆయనలాంటివాళ్ళూ ఏళ్ళ తరబడి కొట్లాడితే, దేశమంతటా అది రద్దయింది 1952 ఆగస్టు 31న.

ఇదే ఆలోచన సముద్రం అవతల ఇంకో రూపంలో నడిచింది. 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మంది మన దేశం నుంచి కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పోయారు. మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. ఒప్పందం ముగిశాక వాళ్ళలో కొందరు వెనక్కి రాలేదు. డర్బను చుట్టుపక్కల కాస్త నేల కౌలుకు తీసుకుని కూరగాయలు పండించారు. ఆడవాళ్ళు గంపలకెత్తి వీధుల్లో అమ్మారు. ఇంకొందరు వల పట్టారు. తోటల దొరలకు కావలసింది కూలివాళ్ళు, సొంత కాళ్ళ మీద నిలబడ్డవాళ్ళు కారు. 1895లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి, ఒప్పందం ముగిశాక కూడా ఉండిపోదలచినవాళ్ళ మీద తలకు ఏటా మూడు పౌండ్ల పన్ను వేసింది. ఆ పన్ను పెనిమిటితో ఆగలేదు. భార్య మీద, పదహారు దాటిన మగపిల్లవాడి మీద, పదమూడు దాటిన ఆడపిల్ల మీద కూడా పడింది. నెలకు పధ్నాలుగు షిల్లింగులు కూడా రాని ఇంటి మీద ఏడాదికి పన్నెండు పౌండ్లు. ఇరవై షిల్లింగులు ఒక పౌండు కనక ఇంటాయన ఏడాది సంపాదనంతా పోసినా ఆ పన్ను తీరదు. ఆ ఇంటి బేరాన్ని నడుపుతున్నది అందరి చేతులూ కలిసి అని ఆ పన్ను రాసినవాళ్ళకు తెలుసు. అందుకే ప్రతి చేతికీ వెల కట్టారు. గాంధీ గారి సత్యాగ్రహం తరవాత 1914లో ఆ పన్ను పోయింది. మనిషిని మళ్ళీ కూలిలోకి తోయాలనుకున్నవాడు కుటుంబాన్ని గురిచూసి కొట్టాడు. సాయం చేయాలనుకునేవాళ్ళకు మాత్రం ఆ కుటుంబం ఇవాళ్టికీ కనపడదు.

ఇప్పుడు శ్రీహరికోట. 1835లో ఆ దీవి కంపెనీ సర్కారు చేతికి వచ్చినప్పటి నుంచి అక్కడి యానాదులు అడవిలో దొరికే చిరివేరు, తేనె, మైనం లాంటివి సేకరించి సర్కారుకు ఇచ్చి, బదులుగా తిండిగింజలో డబ్బో తీసుకునేవాళ్ళు. బకింగ్‌హాం కాలువ తవ్వాక దీవి కట్టెలు పడవల్లో మద్రాసు పొయ్యిలకు పోయేవి. ఏ వేరు ఏ కాలంలో ఎక్కడ ఉంటుందో, ఏ పుట్టలో ఏముందో ముసలివాళ్ళకు తెలుసు. తవ్వే ఓపిక పడుచువాళ్ళది. ఏరి కట్టకట్టేది పిల్లలు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 ఎగిరింది. దేశానికి అది గర్వించదగ్గ రోజే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ దీవి మనుషులు మాత్రం చాలామంది సరస్సు ఇవతలికి, సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రం వైపు చెదిరిపోయారు. కొన్ని కుటుంబాలు దీవిలోనే కాలనీల్లో ఉండిపోయాయి.

ఇవతలికి వచ్చినవాళ్ళకు ఏమైందో చూడండి. వాళ్ళకు తెలిసిన అడవి లేదు. ఎదురుగా పులికాటు సరస్సు ఉంది. కాని ఆ నీళ్ళలో ఎక్కడ ఎవరు ఎప్పుడు వల వేయాలో పట్టపు కుప్పాలవాళ్ళు వంతులు వేసుకున్నారు. దాన్ని పాడు అంటారు. తరతరాలుగా వస్తున్న కట్టుబాటు అది. తమలో తాము తగువు రాకుండా, చేప అంతరించకుండా కాపాడుకోవడానికి పెట్టుకున్న మంచి కట్టుబాటే. కాని పడవ లేని, పాడు లేని యానాదికి అందులో వంతు లేదు. చేత్తో తడిమి పీతలు పట్టుకోవడం, ఒడ్డున రొయ్యపిల్ల ఏరడం, లేకపోతే చెరువు గట్టున కాపలా. కాపలాకు ముందే అప్పు ఇస్తారు. అప్పు తీరేదాకా గట్టు దిగడానికి లేదు. కట్టుబానిసత్వం రద్దు చట్టం 1976లో వచ్చినా, ఆ గట్ల మీదికి అది చాలా నిదానంగా నడిచింది. ముసలివాళ్ళకు తెలిసిన అడవి విద్యకు వెల పోయింది కనక ఇంట్లో వాళ్ళ మాటకూ విలువ పోయింది. ఆ నష్టానికి పరిహారం ఏ పట్టికలోనూ లేదు. యానాదుల కోసం ప్రత్యేకంగా నెల్లూరులో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పెట్టారు. దాని వల్ల ఇళ్ళు వచ్చాయి, బడులు వచ్చాయి. మేకలు, వలలు ఇచ్చిన ఊళ్ళలో రెండేళ్ళ తరవాత పోయి చూస్తే మేకలుండవు. యానాదులకు పశువులు పెంచడం రాదని ఆఫీసుల్లో తేల్చేస్తారు. మేకను కాయవలసిన ముసలమ్మ ఏ ఇటుకబట్టీకి కొడుకు వెంట పోయిందో ఎవరూ అడగరు.

ఇక కువైట్ గురించి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మన్నించండి.

కోట ఊరు దాటి సముద్రం వైపు పోతే ఒక పాలెంలో నాకు తెలిసిన ఇల్లొకటి ఉంది. కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. మనవాళ్ళు ఖద్దామా వీసా అంటారు. ఇద్దరు ఆడపిల్లలు అమ్మమ్మ దగ్గరుంటారు. ఆ అమ్మమ్మది ఎండుచేపల బేరం. తెల్లవారకముందే ఒడ్డుకు పోతుంది. పడవలు రాగానే వేలంపాట మొదలవుతుంది. పెద్ద చేప ఐసు పెట్టెల్లోకి, మద్రాసు లారీల్లోకి పోతుంది. కవళ్ళు, నెత్తళ్ళు, చితికిన కానాగంతలు మిగులుతాయి. అవి ఈమె పాడుతుంది. ఇంటికి తెచ్చి, కడుపు చీల్చి, ఉప్పునీళ్ళలో కడిగి, సిమెంటు తొట్టిలో ఒక వరస చేప, ఒక వరస రాళ్ళుప్పు వేస్తుంది. పెద్దపిల్ల బడికి పోయేముందు ఆ తొట్టి మీద బరువు పెట్టి పోతుంది. ఒక రాత్రి ఊరాక తీసి పాత వల పరిచి ఎండబెడతారు. నెత్తళ్ళకైతే ఉప్పు అక్కర్లేదు, ఇసుక అంటకుండా చూసుకుంటే చాలు. మూడెండలు కాస్తే సరుకు. మబ్బు పట్టిందా, చిన్నపిల్ల పుస్తకం వదిలేసి పరుగెత్తుకొచ్చి వల చుట్టేస్తుంది. తడిసిన చేపను సంతలో ఎవరూ ముట్టరు, కోళ్ళ దాణాకు పోయవలసిందే. ఐప్పసి, కార్తీకం వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ తీరానికి ఏడాది వానలో సగం పైన పడుతుంది. ఆ రెండు మూడు నెలలూ బేరం బంద్.

ఈ ఇంటి లెక్కంతా పెద్దపిల్ల ఒక నోటుపుస్తకంలో రాస్తుంది. అది చూడనిచ్చారు. కూతురు పోవడానికి ఏజెంటుకు కట్టిన డబ్బులో కొంత వడ్డీకి తెచ్చినది, కొంత మెడలోది కుదువపెట్టి తెచ్చినది, మిగతాది అమ్మమ్మ ఎండుచేపల పెట్టుబడి. పెట్టుబడి పోయింది కనక ఆ ఏడాది ఆమె పాటలో నిలబడలేకపోయింది. వేరేవాళ్ళ దగ్గర చేప చీల్చే కూలికి పోయింది. కూతురి జీతం రావడం మొదలైన కొన్నాళ్ళకు మళ్ళీ తన తొట్టి నింపుకుంది. ఆ తరవాత ఒకసారి అక్కడి యజమాని జీతం ఆపేశాడు. రెండు నెలలు ఏమీ రాలేదు. ఆ రెండు నెలల పేజీల్లో రాబడి గడిలో ఒక్కటే మాట, చేపలు, చేపలు, చేపలు. ఊళ్ళో అందరూ ఆ ఇంటిని కువైట్ ఇల్లు అంటారు. ఆ అమ్మమ్మనడిగితే, "అది పంపింది అప్పుకు పోతంది అబ్బయా. మేము తినేది ఈ కవళ్ళతోనే గదా" అంది.

నా మాటకు సాక్ష్యం ఈ నోటుపుస్తకమే. తల్లి బేరం కూతుర్ని విమానం ఎక్కించింది. కూతురి జీతం తల్లి బేరాన్ని మళ్ళీ లేపింది. జీతం ఆగినప్పుడు బేరం పిల్లల్ని సాకింది. వీటిలో ఏది వలస సంపాదన, ఏది స్వయం ఉపాధి అని విడదీసి రెండు శాఖలకు పంచడం మన ఆఫీసుల అలవాటు. ఆ ఇంట్లో అవి ఎప్పుడూ విడిగా లేవు.

కువైట్‌లో చట్టం లేకపోలేదు. 2015లో ఇంటిపనివాళ్ళ కోసం అక్కడ 68వ నంబరు చట్టం తెచ్చారు. వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికొక నెల జీతంతో సెలవు, పని విడిచేటప్పుడు ఏడాదికో నెల జీతం. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లని నిర్ణయించారు. అప్పటి మారకంలో పన్నెండు వేల రూపాయలకు పైమాటే. మన వైపు నుంచి కూడా కాగితాలున్నాయి. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడమనిషిని ఇంటిపనికి పంపకూడదు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన రాష్ట్రంలో ఆ పని సర్కారు సంస్థ అయిన ఓంక్యాప్‌ది. అయినా ఊళ్ళలోకి వచ్చేది ఏజెంటే. విజిట్ వీసా అని, ఇంకో ఊరి విమానాశ్రయం అని చుట్టుదారిలో తీసుకుపోతాడు. అలా పోయినవాళ్ళ పేరు ఏ కంప్యూటర్లోనూ ఉండదు, కష్టం వస్తే వెతికేవాడుండడు. ఏజెంటును పట్టుకోవాలి, శిక్షించాలి, నిజమే. ఏజెంటు గెలుస్తున్నది ఎందుకని కూడా ఆలోచించాలి. అతను ఇంటికొస్తాడు, అమ్మమ్మతో మాట్లాడతాడు, పిల్లల బడి ఫీజుకు ముందుగా కొంత చేతిలో పెడతాడు. ఆ ఇల్లు ఎలా నడుస్తుందో అతనికి తెలుసు. సర్కారు దరఖాస్తులో ఆ ఇల్లే లేదు.

1990 గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్ళను అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో బొంబాయికి తెచ్చారు. విమానాలు 488 సార్లు ఎగిరాయి. అంత పెద్ద పని చేసిన సిబ్బందికి చేతులెత్తి మొక్కాలి. చేతిసంచీతో దిగినవాళ్ళు బొంబాయి నుంచి రైలెక్కి ఊళ్ళకు చేరారు. దాచుకున్నది అక్కడి బ్యాంకుల్లో పోయింది, రావలసిన జీతాలు పోయాయి. ఆ తరవాత ఐక్యరాజ్యసమితి ఒక పరిహార సంఘం పెట్టింది. దేశం విడిచి రావలసి వచ్చినవాళ్ళకు మనిషికైతే 4,000 డాలర్లు, కుటుంబానికైతే 8,000 దాకా. వేరే పద్దుల కింద కూడా దావా వేస్తే 2,500, 5,000. మన ఊళ్ళలో ఆ డబ్బు వచ్చినవాళ్ళున్నారు. చాలా ఏళ్ళకు వచ్చినా మేలే చేసింది. ఒక్క సంగతి నన్ను వదలదు. అక్కడ కుటుంబమంటే అక్కణ్ణుంచి కలిసి బయటపడ్డ కుటుంబం. భార్యాబిడ్డలను వెంట పెట్టుకోగలిగినవాడికి కుటుంబం ఉన్నట్టు. బిడ్డలను పాలెంలో అమ్మ దగ్గర వదిలి ఒంటరిగా పోయిన పనిమనిషి ఆ లెక్కలో ఒంటరి. ఆమె మీద ఆధారపడ్డ నలుగురూ వేరే దేశంలో ఉన్నారు కనక లేనట్టే.

తిరిగొచ్చినవాళ్ళ సంగతి చెప్పాలి. 2018లో కువైట్ ప్రభుత్వం కాగితాలు సరిగా లేనివాళ్ళు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చని గడువు ఇచ్చింది. అప్పుడు వచ్చిన ఒకామె చేపల బేరం పెట్టాలనుకుంది. ఐసు పెట్టె ఒకటి, చిన్న ట్రాలీ ఆటోలో వాటా. తెల్లవారి పాటలో కొన్న చేపను ఎండెక్కకముందే నాయుడుపేట చేర్చగలిగితే రేటు రెండింతలు. ఆమె లెక్క తప్పు కాదు. ఒక బ్యాంకుకు పోతే గత కొన్నేళ్ళుగా ఇక్కడున్నట్టు రుజువు అడిగారు. ఏళ్ళుగా ఆమె ఇక్కడ లేదు. హామీ అడిగారు. ఇల్లు తల్లి పేరున ఉంది, తల్లికి సంతకం రాదు. ఇంకో ఆఫీసులో కుట్టుమిషను ఇస్తామన్నారు. ఎనిమిదేళ్ళు పరాయి ఇంట్లో పదిమందికి వండి, అరబ్బీ మాట్లాడి, మొండి పిల్లలను పెంచిన మనిషికి మనం చూపించగలిగింది కుట్టుమిషను! ఆమె చివరకు రోజు వడ్డీవాడి దగ్గర తీసుకుంది. పొద్దున ఇచ్చేటప్పుడే వడ్డీ పట్టుకుని ఇస్తాడు. అప్పు తీసుకునే ధైర్యం మాత్రం అక్క ఇచ్చింది. నష్టమొస్తే నీ పిల్లల తిండి నేను చూసుకుంటానంది. ఏ బ్యాంకూ ఇవ్వలేని హామీ అది. ఐసు పెట్టె ఇప్పుడు రెండయిందని విన్నాను.

అప్పు మాట వచ్చింది కనక మన జిల్లా గొప్పదనం ఒకటి చెప్పుకోవాలి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్ళు వాళ్ళు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా అని రోజుకొక రూపాయి దాచడం మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి అన్నారు దాన్ని. ఈ దేశంలో పొదుపు సంఘాల కథ ఎక్కడ రాసినా నెల్లూరు ఆడవాళ్ళ రూపాయి గురించి రాయక తప్పదు. నాకు ఆ సంఘాల మీద ఎంతో గౌరవం. ఆ గౌరవంతోనే ఒక లోటు చెబుతాను. సంఘం నిలిచి ఉండే మనిషి కోసం కట్టినది. సమావేశానికి రావాలి, తీర్మానం మీద సంతకం పెట్టాలి. రాకపోతే సభ్యత్వం పోతుంది. ఇటుకబట్టీకి ఆరునెలలు పోయే యానాది ఆడమనిషి, కువైట్‌కు పోయిన మత్స్యకారుల ఆడపడుచు, ఇద్దరూ సంఘం అవతలే.

కాని పాలేల్లో ఆడవాళ్ళు దీనికి తమదైన ఉపాయం కనిపెట్టారు. కువైట్‌కు పోయినామె బదులు ఆమె తల్లో, ఆడబిడ్డో సమావేశంలో కూర్చుంటుంది. పొదుపు ఆమె పేరునే కడుతుంది. అప్పు వస్తే ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుని తీసుకుంటారు. మిగతా తొమ్మిదిమందీ ఒప్పుకుంటారు, ఎందుకంటే రేపు వాళ్ళలో ఇంకొకరు పోవచ్చు. తనిఖీకి వచ్చిన అధికారి కంట పడితే ఇది తప్పు, దొంగ సంతకం. నా కంటికి ఇది ఈ తీరం వలసకు రాసుకున్న సొంత చట్టం. దీన్ని మూసేయడం కన్నా పుస్తకంలోకి ఎక్కించడం మంచిది. బదులు సభ్యురాలు అని ఒక గడి పెడితే సరిపోతుంది.

అలా కుదురుతుందా అని అడిగేవాళ్ళకు రేషను కార్డును చూపిస్తాను. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటు మొదలైంది. తరవాత దేశమంతా వచ్చింది. దానిలో నాకు నచ్చింది ఒకటుంది. బియ్యమంతా ఒకచోటే తీసుకోనక్కర్లేదు. పోయినవాడు పోయినచోట కొంత తీసుకోవచ్చు, ఇంటి దగ్గరున్నవాళ్ళు మిగతాది తీసుకోవచ్చు. కుటుంబం రెండుచోట్ల ఉంటుందని, రెండుచోట్లా ఆకలి ఉంటుందని ఒప్పుకున్న ఏర్పాటు అది. బియ్యానికి కుదిరింది వేరేవాటికి ఎందుకు కుదరదు?

ఉదాహరణకు వేట నిషేధం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో ఇంజను పడవలు సముద్రంలోకి పోకూడదు. చేప గుడ్లు పెట్టే కాలం కనక అది అవసరమే. ఆ రోజులకు పడవ మీద పనిచేసేవాళ్ళకు భృతి ఇస్తున్నారు. 2019లో 10,000 రూపాయలు చేశారు, 2025లో 20,000 చేశారు. మంచి పని. మరి పడవ రాకపోతే పాట లేదు, పాట లేకపోతే ఆ అమ్మమ్మ తొట్టిలో చేప లేదు. ఆమె పేరు పడవ జాబితాలో ఉండదు. చేత్తో పీతలు పట్టే యానాదికీ పడవ లేదు. 2004 డిసెంబరు సునామీ తరవాత కూడా ఇంతే. పడవలు, వలలు పోయినవాళ్ళకు పడవలు, వలలు వచ్చాయి. గంప, తొట్టి, ఉప్పు, అప్పటికే ఎండబెట్టి ఉంచిన సరుకు పోయినవాళ్ళు నష్టం రాయించుకోవడానికి కూడా తంటాలు పడ్డారు.

ఇక్కడికి వచ్చినవాళ్ళను కూడా మరిచిపోవద్దు. రొయ్యల ఫ్యాక్టరీల్లో చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి రోజంతా తలలు తీసే ఒడియా అమ్మాయిలు వారానికొక రోజు సంతకు వస్తారు. మన కోట అవతలి పాలెంలో అమ్మమ్మ ఎలా ఉందో, అక్కడ వాళ్ళ ఇళ్ళలో ఎవరో అలా ఉన్నారు. ఆ అమ్మాయిల్లో కొందరు ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడుతున్నారు. టీ బంకులు పెట్టుకున్నారు, వాళ్ళవాళ్ళ కోసం మెస్సులు నడుపుతున్నారు. పట్టపు వాళ్ళు ఒకప్పుడు వచ్చినట్టే వీళ్ళూ వచ్చారు. అలాగే బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చిన వాళ్ళకు మద్రాసు బీచి వీధిలో బంకులు పెట్టుకునే చోటిస్తే బర్మా బజారు లేచింది. ఒకప్పుడు మన నెల్లూరు కుర్రాళ్ళు టేపు రికార్డర్ల కోసం రైలెక్కి పోయింది అక్కడికే. బర్మా నుంచి వచ్చినవాళ్ళలాంటి కాందిశీకుల కోసమే 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు, అందులో మన రాష్ట్రానికీ వాటా ఉంది. చోటు, చిన్న అప్పు. వాటికి ఇంటివాళ్ళ చేతులు తోడైతే ఏమవుతుందో ఆ బజారులో చూశాం. మన సూళ్ళూరుపేట, నాయుడుపేట, ముత్తుకూరు సంతల్లో కొత్తగా వచ్చినవాళ్ళకు కూర్చునే చోటు ఇవ్వడానికి మనకేం అడ్డమో నాకు తెలియడం లేదు.

ఇక మనం అడగవలసినవి మూడు. గ్రామ సచివాలయాల్లో ఇంటింటి వివరాలు రాసే ఫారం మీరందరూ చూసే ఉంటారు. ఊళ్ళో లేనివాళ్ళ పేరు రాసే గడి పక్కన, వాళ్ళ పిల్లలను ఎవరు చూస్తున్నారు, ఆ చూసేవాళ్ళ బతుకుదెరువు ఏమిటి అన్న రెండు గడులు చేర్చాలి. పొదుపు సంఘంలో బదులు సభ్యురాలిని ఒప్పుకోవాలి. నిషేధకాలం భృతి జాబితాలో ఎండుచేపల ఆడవాళ్ళను, పడవ లేని యానాదులను చేర్చాలి. ఈ మూడూ రాసి కలెక్టరు గారికి ఇవ్వవలసిన అర్జీ బయట వరండాలో బల్ల మీద పెట్టించాను. సంతకం రానివాళ్ళకు వేలిముద్ర వేయడానికి ఇంకు ప్యాడ్ కూడా ఉంది. భోజనాలకు పోయేముందు ఒకసారి ఆ బల్ల దగ్గర ఆగండి.